మూడో వారం సూది

అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది? కాన్వెంటులో ఇద్దరు ఆడపిల్లలు జుట్లు పట్టుకున్నప్పుడు మదర్ సుపీరియర్ ఈ రెండు ప్రశ్నలే అడిగేది. ముందు ఎవరు మొదలుపెట్టారు, ఎవరు ఎక్కువ ఏడ్చారు అన్న సంగతులు ఆవిడకు అక్కరలేదు. ఆ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని పిల్ల గోడవైపు తిరిగి నిలబడవలసిందే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట, ఆడవాళ్ల వార్డు బయట చెక్కబల్ల మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, నాలుగింటికి గానీ తెరవని తలుపును చూస్తూ, ముసలి నర్సు ఆ జవాబులు తనకు తానే చెప్పుకుంటున్నది. అన్యాయం లోపల ఆరో మంచం మీద ఊపిరి అందక పడుకున్న దర్జీ ఆవిడకు జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆవిడ నాలుగో నెల కడుపుతో వచ్చినప్పుడు రక్తంలో సిఫిలిస్ కనిపించింది, సూది వేశారు, ఎందుకు వేస్తున్నారో చెప్పలేదు. బలానికి అన్నారు. అన్నది తానే. ఇంత చిన్న జవాబు చెప్పుకోవటానికి పదకొండేళ్లు పట్టింది, ఇంకా గట్టిగా పైకి చెప్పలేదు. గోడ గడియారంలో మూడు దాటి నాలుగు నిమిషాలు. నేలను ఇప్పుడే తుడిచినట్టున్నారు, ఫినాయిలు వాసన, తడి ఆరని చోట కిటికీ వెలుగు పడి గాజులా మెరుస్తున్నది, దాని మీద నుంచి ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతే రెండు నల్లని చారలు పడ్డాయి. తాను పనిచేసిన రోజుల్లో ఆ చారలను మళ్లీ తుడిపించేది.

ఆ మాట. ఎందుకు అంత కష్టం ఒక్క మాట? తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పుస్తకాలు సెలవుల తర్వాత చేతికిచ్చేటప్పటికే ఒక పాఠం పుటలన్నీ బంకతో అతికించి ఉండేవి, నాలుగు కాగితాలు కలిసి అట్టముక్కలా, పుస్తకం మూసినా ఆ చోట కొంచెం ఎత్తుగా తెలిసేది. వేలితో తడిమితే లోపల ఏదో ఉన్నట్టే ఉండేది. ఎవరూ విప్పలేదు. విప్పకపోవటమే కాదు, క్లాసు లీడరుగా ఉన్న తాను ప్రతి శనివారం అందరి పుస్తకాలూ తీయించి ఆ అట్టముక్క అలాగే ఉన్నదా లేదా అని చూసేది, అలా చూసినందుకు మెచ్చుకోలుగా నీలం రిబ్బను బిళ్ల ఇచ్చారు, దాన్ని నర్సు శిక్షణలో చేరిన రోజు వరకూ పెట్టెలో దాచుకున్నది. శిక్షణలో చెప్పారు, అన్నీ చెప్పారు: ఈ పుండు నొప్పి పెట్టదు, తనంత తానే మానిపోతుంది, మానిందని మనిషి మరిచిపోతాడు, రోగం మాత్రం మరవదు, రక్తంలో కూర్చుని ఏళ్లు గడుపుతుంది, భార్యకు పోతుంది, భార్య నుంచి కడుపులో బిడ్డకు పోతుంది. పెన్సిలిన్ పడితే పోతుంది, ఇద్దరికీ పడాలి, ఒక్కరికి వేస్తే తలుపు వేసి కిటికీ తెరిచినట్టే. అంతా రాసుకుని నూటికి తొంభై రెండు మార్కులు తెచ్చుకున్నది. కాగితం మీద ఆ మాట తేలికగానే రాసింది. మనిషి మొహం ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఆ నాలుగు పుటలూ మళ్లీ అతుక్కుపోయేవి. సుఖవ్యాధి అని మరో పేరు కూడా ఉన్నది దానికి, ఎవరి సుఖమో పెట్టినవాళ్లకే తెలియాలి.

గర్భిణుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పెట్టిన పద్ధతి మంచిదే. రక్తంలో రోగం కనిపిస్తే కార్డు మూల ఎర్ర పెన్సిలుతో చుక్క, వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు సూది, భర్తకు పసుపు చీటీ. చీటీ మీద రోగం పేరు ఉండదు, ఈ చీటీతో సాయంత్రం మగవాళ్ల వేళకు రావలెను అని మాత్రం ఉంటుంది. మొదటి ఏడాది తాను చీటీలన్నీ బుద్ధిగా ఇచ్చింది. చీటీ పట్టుకుపోయినవాళ్లలో ఒక పిల్ల, పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, మరుసటి వారం మణికట్టుకు కట్టుతో వచ్చింది. ఏమైందమ్మా అంటే, మా ఆయనకి చీటీ ఇచ్చానండీ అన్నది, అంతే, మెట్ల మీద జారానని కూడా అనలేదు. ఆ రోజు నుంచి పసుపు చీటీలు సొరుగులోనే ఉండిపోయాయి. డాక్టరమ్మకు చెప్పలేదు. మగవాడిని రప్పించే మరో దారి వెతకలేదు, ఆ పూచీ ఎవరిదని అడగలేదు. ఆడదాని చెయ్యి విరగకుండా చూశానన్న తృప్తి ఒకటి గుండెకు అతికించుకుని సొరుగుకు తాళం వేసింది. సూదికి ఏదో ఒక కారణం చెప్పాలి కదా, బలానికి అన్నది. ఆ మాట ఎంత తేలికగా వచ్చింది. ఎంత చక్కగా పనిచేసింది. ఏడుపు లేదు, ప్రశ్నలు లేవు, ఇంట్లో గొడవ లేదు, మూడు వారాలూ వేళకు వచ్చి వేయించుకుపోయేవాళ్లు. వరసలో నిలబడ్డవాళ్లు దానికి పేరు కూడా పెట్టుకున్నారు, బలం సూది అని. చుక్క లేనివాళ్లు కూడా అడిగేవాళ్లు. ఒకావిడ, గయ్యాళి అత్త ఉన్న మనిషి, చెయ్యి చాపి మరీ అడిగింది: “నాకూ ఒకటి పొడవండి నర్సమ్మగారూ, మా అత్తకి బదులు చెప్పటానికి బలం చాలట్లేదు.” వరసంతా నవ్వింది. తానూ నవ్వింది. అరవైమంది ఆడవాళ్లు, ఒక నర్సు, మరగబెట్టిన సూదులు, చల్లారేదాకా ఆగే తీరిక లేదు. నవ్వు వస్తే అదే విశ్రాంతి.

ఆ అరవైలో దర్జీ ఆవిడ ఒకతె. అప్పటికి ఇరవై రెండేళ్లు, సన్నగా, వేళ్ల కొసల మీద సూదిపోట్ల గరుకు, చీర కుచ్చెళ్లలో ఎప్పుడూ ఒక దారం పోగు. కాజాలు ఎంత బాగా కుట్టేదంటే బొత్తాం పెట్టబోతే అదే పోయి కూర్చునేది. పుట్టిన పిల్ల బరువు తక్కువైనా బతికింది, తల్లీ బతికింది. ఆ తర్వాత వీధిలో ఎక్కడ ఎదురుపడ్డా ఆవిడ ఆగి రెండు చేతులూ జోడించేది, మీరు వేసిన సూదులతోనే నా పిల్ల నిలబడింది అనేది. తాను తల ఊపి ముందుకు నడిచేది, ఎవరైనా చూస్తున్నారేమోనని కాస్త నెమ్మదిగా నడిచేది కూడా. ఇప్పుడు వేసుకున్న ఈ తెల్ల జాకెట్టు ఆవిడ కుట్టిందే. భుజం దగ్గర ముడత లేకుండా పట్టటం ఆ చేతికే చెల్లింది.

మూడు ఇరవై. వరండా చివర సూదుల గది తలుపు తీసి మూసినప్పుడల్లా స్పిరిట్ వాసన వస్తున్నది. ఆ వాసనతో పాటే కంటి ఆసుపత్రి గుర్తుకొస్తున్నది, పదకొండేళ్ల కిందట, కంట్లో మందు వేయించుకుని చూపు మసకగా కూర్చున్న పూట. పక్కన కూర్చున్న మనిషి గొంతు మాత్రం తెలిసింది. నన్ను గుర్తుపట్టారా నర్సమ్మగారూ, ఫలానా దర్జీ ఆవిడ ఆడపడుచుని అన్నది, ఆడపడుచు అంటే తన లెక్కలో అందరి మీదా హక్కున్న మనిషి, అడగకుండానే అన్నీ చెప్పుకొచ్చింది. తన మోకాళ్లు, తన అల్లుడు, తన బావిలో ఊరే నీళ్లు. చివర చెప్పింది. “నేనివ్వాళ ఇట్లా తిరుగుతున్నానంటే మీ చలవే. మా వదిన కార్డు పట్టుకుని నేనొచ్చాను ఒకసారి, మీరు చూళ్లేదు. జ్వరం పడి లేచి ఈనుపుల్లలా ఉండేదాన్ని అప్పుడు. మా వదినే అంది, నాకు రెండు పడ్డాయి, బాగానే ఉన్నా, మూడోది నువ్వు పొడిపించుకో, నీకే బలం కావాలి అని. నడుం వంచి నిలబడితే వేసేశారు. మళ్లీ ఇంతవరకు జ్వరమన్నది ఎరగను.” నవ్వుతూ చెప్పింది. చలవ అన్నది. పరాయి కార్డు మీద, పడుతుందో లేదో పరీక్ష కూడా చేయకుండా పెన్సిలిన్ వేస్తే మనిషి అక్కడికక్కడే పడిపోవచ్చు. పడిపోలేదు, బతికి వచ్చి చలవ అంటున్నది. మసక చూపులో ఆ మొహం పసుపురంగు ముద్దలా కనబడింది. మరి మీ వదిన కూతురు ఎలా ఉన్నదమ్మా అని అడిగింది తాను, గొంతు మారకుండా, ముప్పై ఏళ్లు మార్చని గొంతుతో. ఏముంది, మా వదిన చెయ్యి విసురు అన్నది ఆడపడుచు. ఏడో ఏట కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోయేది, అది తగ్గింది అనుకుంటే తొమ్మిదో ఏట ఎవరిదో జాకెట్టు గుడ్డ కత్తిరించి బొమ్మకు గౌను కుట్టుకుంది, మా వదిన ఒక్కటి పీకింది చెంప మీద, నెల తిరక్కుండా రెండు చెవులూ పోయాయి. వదినే చేసుకుంది పాపం, తన చేత్తో తానే.

ఒక చెంప మీద కొడితే రెండు చెవులూ పోతాయా? ఎవరూ అడగలేదు. కళ్లు ఏడో ఏట, చెవులు తొమ్మిదో ఏట. పై పళ్లు ఎలా ఉంటాయి ఆ పిల్లకు అని అడగాలనిపించి అడగలేదు. ఆ రోజు ఇంటికి పోయి పాత పాఠ్యపుస్తకం తీసింది, తీయనక్కరలేదు, ఏ పుటో తెలుసు. తల్లి కడుపులో సోకి, పుట్టినప్పుడు బయటపడక, ఏడెనిమిదేళ్లకు కళ్ల మీదా ఆ తర్వాత చెవుల మీదా పడుతుంది; ముందరి పై పళ్ల అంచు నెలవంకలా లోపలికి తరిగి ఉంటుంది. మూడో సూది ఆడపడుచు నడుములోకి పోయింది. పసుపు చీటీ సొరుగులోకి పోయింది, భర్తకు వైద్యమే జరగలేదు. రెండిట్లో ఏ దారిన బిడ్డకు చేరిందో చెప్పటం ఎవరి తరమూ కాదు, రెండు దారులూ తెరిచింది తానే. సూది ఎందుకో తెలిసి ఉంటే ఏ తల్లి అయినా తన మూడో సూదిని ఇంకొకరికి ఇచ్చేదా? బలమని చెప్పింది కాబట్టి ఇచ్చింది. ప్రేమతో ఇచ్చింది. ఇంట్లో నీరసంగా ఉన్న పిల్లకు తన వాటా బలం ఇచ్చింది. ఇందులో తప్పు పట్టవలసిన మనిషి ఆవిడ కాదు.

వెంటనే పోయి చెప్పి ఉండవలసింది. పోయింది కూడా, ఒక్కసారి కాదు, కొలతలిచ్చే నెపంతో నాలుగైదుసార్లు దుకాణం మెట్లెక్కింది. ప్రతిసారీ దర్జీ ఆవిడ లేచి నిలబడి, కుర్చీ తుడిచి, టేపు మెడలో వేసుకుని, మీ దగ్గర కుట్టుకూలి తీసుకుంటానా అనేది. ఆ లేచి నిలబడటం. ప్రపంచంలో తనను చూసి లేచి నిలబడే మనుషులు అప్పటికి ఎందరు మిగిలారు? పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఉద్యోగం అయిపోయింది, కాన్వెంటు మూతపడింది. దర్జీ ఆవిడ భర్త బతికి ఉన్నంతకాలం ఆయన ఉన్నాడు కదా, సంసారం చెడుతుందని ఒక సాకు. ఆయన పోయాడు, అందరూ మంచివాడన్నారు, మంచివాడేనేమో, ఏ కుర్రతనంలో ఎక్కడ తెచ్చుకున్నాడో, మానిపోయిన పుండును మరిచిపోయాడో, రోగం సంగతి తెలిసే అవకాశమే రాకుండా పోయాడు. పోయాక ఇక చచ్చినవాడి మీద మాట ఎందుకని ఇంకో సాకు. న్యాయం, న్యాయం అని జీవితమంతా ఇతరుల మీద గొంతు పెంచిన మనిషి, రేషను వరసలో దూరినవాడిని కూడా బయటికి లాగిన మనిషి, ఒక దర్జీ దుకాణంలో నోరు విప్పలేక జాకెట్టు చేత పట్టుకుని దిగిపోయింది.

బల్ల కదిలింది. ఎవరో వచ్చి కూర్చున్నారు. తల తిప్పకుండానే తెలిసింది, చూసి మూడేళ్లయినా, ఆ కూర్చునే తీరుతో: పక్కకు ఒరగకుండా, చుట్టూ కనిపించేలా గోడకు వీపు ఆనించి, చెవులు చేయవలసిన కాపలా కళ్లతో చేసేవాళ్ల తీరు. దర్జీ ఆవిడ కూతురు. పుస్తకాలు బైండు చేసే చోట కాగితాలు కోసే మిషను మీద పని, వేళ్ల మధ్య బంక ఎండి తెల్లగా పొరలు కట్టింది. పలకరించింది, ఎగుడుదిగుడు గొంతుతో, అవసరానికి మించి గట్టిగా. తొమ్మిదేళ్లదాకా విన్న మాటలు కాబట్టి మాట పోలేదు, దాన్ని సరిచూసుకునే చెవి పోయింది. “నా మొహం చూసి మాట్లాడండి పెద్దమ్మగారూ, అప్పుడు తెలుస్తుంది.” పని ఎలా ఉన్నదని అడిగింది ముసలి నర్సు, అంతకంటే ఏమీ తోచక. బాగుందన్నది. ఆ మిషన్ల మోత పడలేక నలుగురు మానేశారట, యజమాని తనను చూసి మురిసిపోతాడట, నీలాంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే చెప్పమ్మా అంటాడట. నవ్వింది. నవ్వినప్పుడు పై పళ్లు కనబడ్డాయి. చూడకూడదనుకుంటూనే చూసింది, రెండు ముందు పళ్ల అంచు చిన్న నెలవంకలు.

పందొమ్మిదో ఏట ఇల్లు వదిలి పని దగ్గరే గది తీసుకున్నానని, నెలకోసారి వచ్చి కాసేపు కూర్చుని పోయేదాన్నని, కోపం ఏం లేదని కూతురు చెప్పింది. అమ్మ కొట్టింది, చెవులు పోయాయి, ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పింది, దారి అడిగినవాళ్లకు మలుపులు చెప్పినట్టు. “ఆ రోజు తర్వాత కుడిచేత్తో నన్ను ముట్టుకోలేదండీ. అన్నం పెట్టినా ఎడమచెయ్యే. జడ వెయ్యాలంటే రెండు చేతులు కావాలిగా, అందుకని మా అత్త వేసేది.” నాకేమో, అన్నది, దెబ్బ కంటే అది కష్టంగా ఉండేది. కొట్టినా బాగుండుననిపించేది. ఇప్పుడు మొహానికి ఆక్సిజను మాస్కు పెట్టారు, పెదాలు కనబడవు, ఏమంటున్నదో తెలియదు, నిన్న గంటసేపు ఏదో చెప్తూనే ఉంది, నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లో నీరట. ఇంక రెండు మూడు రోజులన్నారు.

మూడు నలభై. ముసలి నర్సు చేతులు ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నది. పదకొండేళ్లు. ఈ పిల్లకు ఇరవై ఏడున్నప్పుడే తనకు తెలుసు. అప్పుడే చెప్పి ఉంటే జడ వేయించుకునే వయసు దాటినా, నెలకోసారి కాకుండా రోజూ వచ్చి కూర్చునే కూతురు ఉండేది ఆ తల్లికి, పదకొండేళ్లపాటు, దుకాణం మూసే వేళకు ఒకరి ఎదురుగా ఒకరు, పెదాలు కనబడే వెలుగులో. రోగం తెచ్చిన చెవుడుకు తాను కొంత బాధ్యురాలు, ఈ పదకొండేళ్లకు మాత్రం వాటాదారులు ఎవరూ లేరు. చెప్పకుండా పోవచ్చు ఇప్పుడు కూడా. లేచి వెళ్లిపోతే ఎవరాపుతారు? రెండు రోజుల్లో ఆవిడ పోతుంది, ఎవరూ అడగరు, జాకెట్టు తెల్లగానే ఉంటుంది.

సూదుల గది తలుపు తెరుచుకున్నది. కడుపుతో ఉన్న పిల్ల ఒకతె బయటికి వచ్చి నడుము రుద్దుకుంటూ, ఇది దేనికండీ అని అడిగింది. గుమ్మంలో నిలబడ్డ శిక్షణ నర్సు, ఇరవై దాటని మనిషి, కార్డు మీద ఏదో గీసి తిరిగిచ్చింది. ఏం లేదమ్మా, బలానికి, వచ్చే వారం మళ్లీ రా అన్నది. ఆ తీయదనం, ఆ ‘ఏం లేదమ్మా’ దగ్గర దిగే గొంతు, తనది. తాను నేర్పినవాళ్లు, వాళ్లు నేర్పినవాళ్లు ఈ పిల్లకు నేర్పింది. గోడ మీద పెద్ద రంగుల బొమ్మ ఉన్నది, నవ్వే ఆలుమగలు, గర్భిణులందరికీ రక్తపరీక్ష, ఇద్దరూ కలిసి రండి, కండోమ్ వాడండి, అక్షరాలు చెయ్యంత. దాని కిందే నిలబడి ఆ నర్సు పిల్ల బలానికి అంటున్నది. పుటలు విప్పారు, గోడకు కూడా అంటించారు, మొహం ఎదురుగా ఉంటే మాత్రం మళ్లీ బంకే. గర్భిణి మెట్లు దిగిపోయింది. ముసలి నర్సు లేచి, మోకాలు పట్టుకుని, గుమ్మం దాకా నడిచింది. అది బలానికి కాదని నీకు తెలుసు కదా పాపా అన్నది. ఆ పిల్ల ఎరుపెక్కలేదు, కసురుకోలేదు. “తెలుసండీ. చెప్తే ఏడుస్తారు. ఇంకా ముప్పైమంది ఉన్నారు బయట.” నిజమే, ముప్పైమంది ఉన్నారు. ఈ ముప్పైలో ఎంతమంది మూడో వారం తమ కార్డు ఎవరికిస్తారో. వచ్చే వారం వస్తుంది కదా ఆ అమ్మాయి, పిలిచి చెప్పు, మొగుణ్ణి తీసుకురమ్మను, ఇద్దరికీ వేయాలి, నయమైందని పరీక్ష చేసేదాకా దూరంగా ఉండమను, భయమేస్తే నువ్వు పక్కన ఉండు అన్నది. సరేనండీ అన్నది పిల్ల, పెద్దవాళ్లకు అనే సరే, లోపలికి పోయి తలుపు వేసుకున్నది. చెప్పదు. నలభై ఏళ్ల అలవాటును ఒక సరేనండీ కదిలించదు.

నాలుగు కొట్టింది. కాపలామనిషి గొళ్లెం తీశాడు.

ఆరో మంచం కిటికీ పక్కన. దర్జీ ఆవిడ ఎంత చిన్నదైపోయింది, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు, మాస్కు లోపల ఊపిరి తెల్లగా పట్టి పోతున్నది. ముసలి నర్సును చూసి లేవబోయింది. ఆ స్థితిలో కూడా. మోచేయి ఊనింది, ఊనలేక జారింది, అయినా తల దిండు మీద నుంచి రెండంగుళాలు లేపింది. పడుకో అమ్మా, నాకోసం లేవకు, నాకోసం లేవవలసింది ఏమీ లేదు అన్నది నర్సు, ఆ మాటతోనే మొదలుపెట్టింది, ఆగితే మళ్లీ ఆగిపోతానని తెలిసి. కూతురు కాళ్ల దగ్గర నిలబడి నర్సు పెదాలు చూస్తున్నది. అందుకని వెలుగు మొహాన పడేలా జరిగింది. నోటికి అడ్డం పెట్టుకోబోయిన చెయ్యి కిందికి దించింది. చెప్పింది.

నీ పిల్ల చెవులు నీ దెబ్బకు పోలేదు. నీ కడుపులో ఉండగా నీ రక్తంలో ఉన్న సిఫిలిస్ రోగం వల్ల పోయాయి. కూతురికి రోగం పేరు అందలేదు, కనుబొమలు ముడివేసి ఏమిటి అన్నది, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా. సిఫిలిస్. మళ్లీ ఏమిటి అన్నది. పెదాల మీద ఆ మాట ఎప్పుడూ చూసి ఉండదు, ఎవరు పలికారు కనుక. సి, ఫి, లిస్, ముక్కలు చేసి, నోరు పూర్తిగా తెరిచి, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క రోగి ముందూ పలకని మాటను ముసలి నర్సు ఇరవై మంచాల మధ్య మూడుసార్లు పలికింది. ఎదుటి మంచం మీది మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పెట్టుకోనీ. ఆలుమగల కలయికలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది, నీకు నీ భర్త నుంచి వచ్చింది, ఆయనకు తానది మోస్తున్నానని తెలియదు, తెలియజేసే చీటీ నా సొరుగులో పెట్టుకున్నాను. నీకు మూడు సూదులు దానికే. బలానికి అన్నది అబద్ధం. మూడోది నీ ఆడపడుచుకు ఇచ్చావని పదకొండేళ్ల కిందట ఆమె నోటే విన్నాను. ఆ రోజే నాకంతా తెలిసింది. మీ ఇద్దరికీ చెప్పలేదు. నీ చేతిలో తప్పు లేదు.

కూతురి పెదాలు నర్సు చివరి మాటలను చప్పుడు లేకుండా తనకు తాను పలికి చూసుకుంటున్నట్టున్నాయి. “పదకొండేళ్లు,” అన్నది. అవును అన్నది నర్సు. ఇంకేమైనా అంటుందని నిలబడింది, అనవలసినవి చాలా ఉన్నాయి, కొట్టినా నిలబడేది. కూతురు ఆమెను దాటి పోయి, మంచం మీద కూర్చుని, తల్లి కుడిచెయ్యి దుప్పటి కింద నుంచి బయటికి తీసింది. సూదిపోట్ల గరుకు తేలిన ఎముకల చెయ్యి. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నీ వల్ల కాదటమ్మా, విన్నావా, నీ దెబ్బ వల్ల కాదట, అని ఆ ఎగుడుదిగుడు గొంతుతో మళ్లీ మళ్లీ చెప్పింది.

దర్జీ ఆవిడ కళ్లు నర్సు మీద ఉన్నాయి. కోపం లేదు వాటిలో. పదకొండేళ్లుగా ఊహించుకున్న ఏ చూపూ కాదు. ఇంత దూరం వచ్చాక బట్ట కొలత తప్పు అని చెప్పినవాళ్లను దర్జీలు చూసే చూపు, కుట్టంతా అయిపోయింది, ఇప్పుడు విప్పితే గుడ్డ మిగలదు. ఎంత కట్టుకున్నది ఆవిడ ఆ ఒక్క దెబ్బ మీద. తిన్న తిండి, ముట్టుకోని పిల్ల, ఎవరినీ నిందించకుండా గడిపిన సంసారం. అది తీసేస్తే అక్కడ భర్త వచ్చి నిలబడతాడు, నర్సు వచ్చి నిలబడుతుంది, ఎరగని రోగం వచ్చి నిలబడుతుంది, రెండు రోజుల్లో వాళ్లందరితో ఎలా వేగటం. ఆవిడ చెయ్యి కూతురి చేతుల్లోంచి మెల్లగా, ఉన్న కాస్త బలంతో, వెనక్కి తీసుకున్నది. మాస్కు లోపల పెదాలు కదిలాయి. వినిపించింది, చాలా సన్నగా, నర్సుకు మాత్రమే.

“నేన్నమ్మను. పిల్లని కొట్టిన చెయ్యి, నాకు తెలీదా.”

ఆ తర్వాత కళ్లు మూసుకున్నది. పోలేదు, ఊపిరి ఆడుతూనే ఉన్నది, మాస్కు తెల్లబడి చల్లబడుతూనే ఉన్నది. మూసుకున్నది, అంతే. మిగిలిన ఈ కాస్త వ్యవధిలో ఇంకెవరూ తనకు ఏమీ చెప్పకుండా.

కూతురు తిరిగింది. మాస్కు మీద నుంచి ఏదీ అందలేదు, అందకపోయినా పెదాలు కదలటం చూసింది. “ఏమన్నది?”

ముసలి నర్సుకు జవాబు వచ్చింది, అడగకముందే వచ్చి నాలుక మీద కూర్చున్నది, ఎప్పటిలాగే, తీయగా, సిద్ధంగా. నమ్మిందమ్మా. మనసు తేలికపడిందన్నది. నిన్ను దీవించింది. ఎవరు కాదనగలరు? విన్నది తానొక్కతె. ఆ మాట అంటే ఈ పిల్ల ఏడుస్తుంది, కాని మంచి ఏడుపు, ఇంటికి పోయి నిద్రపోతుంది, జీవితాంతం దాచుకుంటుంది. చెయ్యి తనంత తాను నోటి దాకా లేచింది. దించింది. కిటికీ వెలుగు కూతురి కళ్లలో పడి బాధిస్తున్నదేమోనని కొంచెం పక్కకు జరిగి, తన మొహం మాత్రం వెలుగులోనే ఉంచి, పెదాలు పూర్తిగా తెరిచి, ఒక్కొక్క అక్షరం విడిగా కనిపించేలా చెప్పింది. నమ్మనన్నది. పిల్లను కొట్టిన చెయ్యి తనకు తెలియదా అన్నది.

కూతురు చివరి అక్షరం దాకా చూసింది. ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు మరికాసేపు చూసింది. ఇంకేమీ లేదు అన్నది ముసలి నర్సు, ఉన్నదంతా ఇదే. కూతురు తల ఊపి, ఆమెకు వీపు తిప్పి, తల్లి వైపు కుర్చీ లాక్కున్నది.